బుట్టలో మంచివి

టీచరు ఇంట్లో కంప్యూటర్ తెర మీద నీలం రంగు తప్ప ఇంకేమీ రాక తొమ్మిది రోజులైంది. పదో రోజు మెకానిక్ వచ్చి, పెట్టెకు చెవి ఆనించి కాసేపు విన్నాడు.

"సిస్టమ్ మళ్లీ ఎక్కించాలి మేడమ్. ఉంచాల్సినవేమైనా ఉన్నాయా?"

"మా నాన్నగారి రికార్డింగులు. ఒక్కటి పోయినా ఊరుకోను," అంది టీచరు.

ఆమెకు గొంతు నొప్పి వచ్చినప్పుడల్లా మూడో తరగతి డిక్టేషన్ నాన్నగారే చదివి రికార్డు చేసేవారు. ఆయన పోయి నాలుగు నెలలు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

బయట వాన పట్టుకుంది. మధ్యాహ్నానికి పని పూర్తయింది.

"ఫోల్డర్లన్నీ కాపీ చేశా. రీసైకిల్ బిన్‌లో, అదే ఆ చెత్తబుట్టలో, ఏవో వందల కొద్దీ ఉన్నాయి. చెత్తే కదా, వదిలేశా."

టీచరు అన్ని ఫోల్డర్లూ తెరిచింది. కరెంటు బిల్లులు తప్ప ఏమీ లేవు.

"బుట్టలో చూశావా?" అని వంటింట్లోంచి అమ్మ అడిగింది. "మీ నాన్న మంచివన్నీ అందులోనే వేసేవారు. బయటుంటే ఎవరైనా కదిలిస్తారని."

టీచరు కళ్లు మూసుకుంది. మెకానిక్ తన సంచి దగ్గరికి లాక్కున్నాడు. చాలాసేపటికి ఆమె కళ్లు తెరిచింది.

"పోయాయా?"

"లేదండీ. పాత డిస్క్ ఎవరిదీ చెరపను. కొత్తది బిగించి, పాతది నెల రోజులు దాచిపెడతా. ఇదిగో, సంచిలోనే ఉంది."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?"

"మీరు కళ్లు మూసుకున్నారు. తెరిచాక చెబుదామని."

ఆమెకు కోపం రావాలి. ఎందుకో రాలేదు.

పాత డిస్క్ తగిలించి, బుట్టలోవన్నీ బయటికి తీసి, ఒకటి నొక్కాడు. "పదో మాట, గొడుగు," అన్నారు నాన్నగారు తాపీగా. దగ్గారు. "అయిపోయింది. పెన్నులు కింద పెట్టండి."

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. డిస్క్ మీద అంటించే చీటీ రాస్తున్న మెకానిక్ పెన్ను కింద పెట్టేశాడు. చీటీ మీద మాట సగంలోనే ఉంది. టీచరు అది చూసింది.

తర్వాతి శనివారం అతను అప్‌డేట్ ఉందని వచ్చాడు. రెండో శనివారం ఆ అప్‌డేట్‌కి అప్‌డేట్. మూడోసారి కంప్యూటర్‌లో ఫ్యాన్ తిరగడం లేదని టీచరే కబురు పెట్టింది. నాలుగో శనివారం అతను ఉత్త చేతులతో వచ్చాడు.

"ఇవాళ దేనికి బాబూ?" అంది అమ్మ.

"ఇవాళ పనేం లేదండీ. ఉందని చెప్పబుద్ధి కాలేదు."

"మరి?"

"రాకపోతే ఏం తోచలేదు."

టీచరు ఎర్ర పెన్నుతో నోటుపుస్తకాలు దిద్దుతోంది. తల ఎత్తలేదు. ఒకే తప్పును మూడుసార్లు కొట్టేసింది.

"ఆ కంప్యూటర్‌లో ఎవరి పేరుంది?" అని అమ్మ అడిగింది.

"మీ అమ్మాయిగారిదేనండీ."

"పక్కన ఇంకో పేరు పడుతుందా?"

"పడుతుందండీ."

"అయితే నీది పెట్టు."

"అమ్మా, నన్నడగవా?"

"నిన్నడిగేదేముంది? మొన్న ఫ్యాన్ వైరు పీకింది నువ్వే కదే. చూశాన్లే."

మెకానిక్ టీచరు వైపు చూశాడు. ఈసారి ఆమె కళ్లు మూసుకోలేదు. ఎర్ర పెన్ను కింద పెట్టింది.