కిటికీకి అంటించిన కాగితాలు

"మా మీటర్లోంచి తీగ లాగి హీటరేసుకుంటున్నావు కదూ... సిగ్గులేదా కల్యాణీ?"

అత్తగారు చిన్నమ్మ గుడికి వెళ్ళిన వేళ, వీధంతా వినేలా మాలతి అరిచింది. వెనక వాటాలో అద్దెకుండే కల్యాణి తల వంచుకుని విన్నదే గాని, ఒక్క మాట బదులు చెప్పలేదు. ఆ మౌనమే మాలతికి రుజువైపోయింది.

కాకపోతే ఏమిటి? ఈ శీతాకాలం హీటరు ముట్టుకోకూడదని తనే శాసించింది. కిటికీల సందులకూ అద్దాలకూ మైదాపిండి ఉడికించి కాగితాలు అంటించింది. గుమ్మానికి బొంత కట్టింది. సాయంత్రం సిల్తారాలోని ఆఫీసు నుంచి స్కూటీ మీద వణుకుతూ వస్తే ఇల్లెంత వెచ్చగా ఉండేదో! ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పింది. తనని చూసి అంటించి, తమ ఇంట్లో వెచ్చబడలేదన్నవాళ్ళకి, "మీకు అంటించడం చేతకాలేదు" అంది. తీరా బిల్లు తగ్గకపోగా పెరిగింది...

మర్నాడు దొంగని పట్టుకోవాలని సగం పూట సెలవు పెట్టి, రెండింటికే ఇంటికి వచ్చింది. తలుపు తీస్తే చీకటి. బావిలోకి దిగినంత చలి. ఇంట్లో ఎవరూ లేరు.

పెరట్లో, కల్యాణి పక్కన, ఆమె గోర్సీ ముందు, ఆ మట్టి కుంపటి మీద చేతులు చాచి కూర్చుని ఉంది చిన్నమ్మ.

"అత్తయ్యా... ఇల్లెందుకంత చల్లగా ఉంది?"

ఆవిడ గతుక్కుమంది. "ఇంత బేగి వస్తావనుకోలేదమ్మా... హీటరింకా వెయ్యలేదు."

"హీటరా?" అంది మాలతి.

"నీ కాగితాలు ఎండని రానివ్వవు కదే. పగలంతా లోపల ఒకటే ఠండ్. మొదటిరోజు నువ్వు వణుక్కుంటూ వస్తావని హీటరేసి, నువ్వొచ్చే ముందు మంచం కింద దాచేసినాను. అది నీ కాగితాల వల్లేననుకుని ఎంత నవ్వినావో... ఆ నవ్వు చూశాక ఎలా చెప్పను? రోజూ అలాగే అయిపోయింది. నాకేం, కల్యాణి దగ్గర కూర్చుంటున్నాను."

కల్యాణి కళ్ళతోనే వారించింది. నిన్నటి సంగతి మామ్మగారికి తెలియదు, చెప్పొద్దు దీదీ... అన్నట్టు.

అన్నీ తెలిసి కూడా నిన్న నోరు విప్పలేదీ పిల్ల! పెద్దావిడ రహస్యం కోసం దొంగ అనిపించుకుంది. మాలతికి ఆ గోర్సీలో తలపెట్టినట్టు మొహం మండిపోయింది.

"అత్తయ్యా, నిన్న నేను కల్యాణిని... కరెంటు దొంగన్నాను. వీధంతా వినేలా అన్నాను."

చిన్నమ్మ చాచిన చేతులు మెల్లగా ఒళ్ళోకి తీసుకుంది. కోడలి వైపు చూడలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండును...

"నా వల్లేనే తల్లీ," అంది చివరికి, కల్యాణితో.

"మీరూరుకోండి మామ్మగారూ," అంటూ కల్యాణి పీట జరిపింది. "కూర్చోండి దీదీ, చేతులు గడ్డకట్టేసి ఉంటాయి."

మాలతి కూర్చుంది గాని, ఆ నిప్పు మీదికి చెయ్యి చాపలేకపోయింది. కల్యాణే ఆ చల్లటి చేతులు పట్టుకుని గోర్సీ మీద పెట్టింది. హాయిగా తగులుతున్న ఆ వేడికి మాలతి తల ఎత్తలేకపోయింది.