ముట్టుకోకూడని పీపా

సొలెన్ ఆ రోజు చేసిన తప్పు జూరా కొండల్లో పుట్టినవాళ్ళు చేయరు. పారిస్ నుంచి వచ్చినవాళ్ళూ చేయరు, వాళ్ళకి పీపా జోలికి వెళ్ళాలనే తోచదు. బర్గండీలో, వైన్ పీపాల మధ్య పెరిగిన పిల్ల మాత్రమే చేయగల తప్పు అది.

ఏప్రిల్ నెల, శనివారం. బోన్ పట్టణంలో ఎనిమిది మందిని వ్యాన్ ఎక్కించుకుని, కొండలూ ద్రాక్షతోటలూ చూపించి, సాయంత్రానికి తిరిగి దింపే టూర్‌కి ఆమే గైడు, ఆమే డ్రైవరు. రోజూ జూరా వైపు వచ్చే గైడు కాలు బెణికి మంచమెక్కడంతో ఆమె రావాల్సి వచ్చింది. షాతో-షలోన్ కొండ కింద, వైన్ చేసే తిబో ఇల్లు మొదటి మజిలీ.

తిబోకి ముప్ఫై నిండలేదు. మనిషి పొడుగు, మాట పొట్టి. అతిథుల్ని తోట చూపించడానికి పైకి తీసుకెళ్ళాడు. సొలెన్ గ్లాసులు సర్దడానికి నేలమాళిగలో ఉండిపోయింది. గ్లాసులు సర్దడం అయిపోయింది. పైన చినుకులు మొదలైన చప్పుడు వినిపిస్తోంది. చేతులు ఊరుకోక, మూలనున్న పీపాని వేలి కణుపుతో తట్టింది. డొల్లగా మోగింది.

అయ్యో పాపం అనుకుంది.

వాళ్ళ తాత ప్రతి వారం డబ్బా పట్టుకుని పీపా పీపాకీ తిరిగేవాడు. తరిగినంత వైన్ పోసి, మూతి దాకా నింపి, బిరడా బిగించి, గుడ్డతో తుడిచేవాడు. గాలి చొరబడితే వైన్ పాడవుతుందని ఆయన భయం. ఆయన వెనకాలే గుడ్డ పట్టుకుని నడిచిన మనవరాలు సొలెన్. ఇప్పుడు ఆమె బల్ల మీదున్న వైన్ కూజాల్లో ఒకటి అందుకుంది. బిరడా తీసి, ఒలకకుండా, శ్రద్ధగా పోసింది. ఒకటి సరిపోలేదని రెండోది కూడా పోసింది. మూడోది ఎత్తుతుండగా తిబో మెట్లు దిగాడు.

"ఏం చేస్తున్నారు?"

"మీ పీపా ఖాళీ అయిపోతోందండీ. కాస్త నింపుతున్నాను. థాంక్స్ తర్వాత చెబుదురుగాని."

అతను థాంక్స్ చెప్పలేదు. జేబులోంచి టార్చి తీసి, వంగి, పీపాలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పక్కకి జరిగి టార్చి ఆమెకిచ్చాడు.

లోపల వైన్ మీద, పాల మీద మీగడలా, ఓ తెల్లటి తెర. మధ్యలో చిరిగిపోయింది. చిరిగిన ముక్కలు ఒక్కొక్కటిగా మునుగుతున్నాయి.

"ఆ తెర కింద ఆరేళ్ళ పైన అలా వదిలేస్తేనే మా పసుపు వైన్ అవుతుంది," అన్నాడు తిబో. "నింపకూడదు. కదపకూడదు. తరుగుతుంటే తరగనివ్వాలి. గైడ్లకి ఇది చెప్పరా?"

"చెబుతారు. ఇందాక వ్యాన్‌లో నేనే అందరికీ చెప్పాను." సొలెన్ మొహం ఎర్రబడింది. "తలకి తెలుసు. చేతికి తెలీలేదు."

"ఏ ఊరు మీది?"

"బర్గండీలో, మెర్సో దగ్గర."

"అనుకున్నాను."

ఆ మాటలో మెప్పు లేదు.

మధ్యాహ్నం భోజనం ఆ ఇంట్లోనే. వంట తిబో పిన్ని ఒడెత్‌ది. పసుపు వైన్‌లో ఉడికిన కోడి, అడవి పుట్టగొడుగులు. అతిథులు లొట్టలేస్తూ తింటున్నారు. సొలెన్ ఫోర్కుతో పుట్టగొడుగుని అటూ ఇటూ దొర్లిస్తోంది. ఒడెత్ వచ్చి పక్కన కూర్చుంది.

"వాడు అరిచాడా?"

"లేదండీ."

"అరిస్తే బాగుండేది." ఆవిడ రొట్టె తుంచి సొలెన్ పళ్ళెంలో పెట్టింది. "మా అక్క మార్తీన్ నింపిన చివరి పీపా అది. అక్క రెండు చలికాలాల కిందట పోయింది. వాడి చేతి పీపాలు వరసగా చాలా ఉన్నాయి. అమ్మ చేతిది అదొక్కటే మిగిలింది. తిను అమ్మాయ్, చల్లారిపోతుంది."

సొలెన్ తిన్నది. ఏం తిన్నదో తెలియలేదు.

సోమవారం ఆమెకి సెలవు. సొంత కారులో మళ్ళీ వచ్చింది. తిబో తోటలో ద్రాక్ష కొమ్మలు వంచి ఇనప తీగకి కడుతున్నాడు.

"క్షమాపణ చెప్పడానికి వచ్చాను."

"శనివారం చెప్పారుగా. వ్యాన్ ఎక్కుతూ ఒకసారి, అద్దం దించి ఒకసారి."

"ఏదైనా చేయాలి కదా. ఏం చేయమంటారు?"

"ఏమీ చేయకూడదు. ఆ తెర తనంతట తను మళ్ళీ కట్టుకోవాలి. కట్టుకుంటే కట్టుకున్నట్టు. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకుండా ఉండటమే పని."

"అది నాకు చేతకాదు."

"చూశాను."

నవ్వుతున్నాడేమోనని ఆమె తలెత్తింది. పెదాలు నవ్వడం లేదు. కళ్ళ సంగతి చెప్పలేం. అతను నడుముకి వేలాడుతున్న తాళ్ళలోంచి సగం తీసి ఆమెకిచ్చాడు.

"ఈ వరస కట్టండి. మీ చేతులకి అదే మందు."

ఆమె కట్టుకుంటూ పోయింది. వెనక్కి తిరిగి చూస్తే, అతను ఒక్కొక్కటే విప్పి మళ్ళీ కడుతున్నాడు.

"ఏమొచ్చింది ఇప్పుడు?"

"కొమ్మని విల్లులా వంచాలి. మీరు కర్రలా పడుకోబెట్టారు."

"మా ఊళ్ళో ఇలాగే కడతాం."

"మీ ఊళ్ళో కొమ్మలకి వయ్యారం తక్కువేమో."

"మా ఊరి సీసా ఎంత ఖరీదో తెలుసా మీకు?"

"తెలుసు. అందుకే మేము తాగం."

ఆ సోమవారం తర్వాత ఇంకో సోమవారం వచ్చింది. కాలు బెణికిన గైడు లేచి తిరుగుతున్నాడని కంపెనీ చెప్పినా, శనివారం జూరా టూరు తనకే ఉంచమంది సొలెన్. మే నెలలో ఓ రోజు వడగళ్ళు పడతాయేమోనని ఇద్దరూ తోట గట్టున నిలబడి మబ్బు వంక చూస్తున్నప్పుడు, "నువ్వు లోపలికెళ్ళు, తడుస్తావు," అన్నాడు తిబో. 'మీరు' ఎక్కడ జారిపోయిందో ఇద్దరూ వెతకలేదు. మబ్బు వడగళ్ళు కురవకుండానే దాటిపోయింది. సొలెన్ మాత్రం తడిసింది.

వ్యాన్‌లో వచ్చినవాళ్ళకి ఆమె ప్రతి శనివారం ఆ పీపా దగ్గరే కథ చెప్పేది. బర్గండీ నుంచి వచ్చిన ఓ తెలివితక్కువది రెండు కూజాలు పోసి తెర చింపేసిందని, ఇప్పుడు ఇల్లంతా ఎదురుచూస్తోందని. ఆ తెలివితక్కువది ఎవరని అందరూ అడిగేవారు. తిబో మూల నుంచి, "వ్యాన్ బాగానే నడుపుతుంది లెండి," అనేవాడు.

జూన్‌లో ద్రాక్ష పూతకొచ్చింది. తెర కట్టుకునేదైతే ఈపాటికి కట్టుకోవాలి. తిబో టార్చి పట్టుకుని పీపా మీదికి వంగాడు. సొలెన్ మెట్ల మీదే ఆగిపోయింది.

"వచ్చిందా?"

అతను బిరడా పెట్టేసి ఆమె వైపు తిరిగాడు.

"వస్తోంది."

ఆమె మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. అతని బుగ్గ మీద ముద్దు పెట్టింది. పలకరింపుకి పెట్టే ముద్దు కాదది, ఇద్దరికీ తెలుసు. ఆ పూట తిబో కొమ్మలు కట్టాల్సిన చోట తన చొక్కా చెయ్యి కట్టుకున్నాడని ఒడెత్ చాలా రోజులు చెప్పుకుంది.

ఆగస్టు దాకా అన్నీ బాగున్నాయి. ఓ శనివారం భోజనం బల్ల దగ్గర సొలెన్ అతిథులతో, "తెర మళ్ళీ కట్టుకుంటోంది," అని సంబరంగా చెబుతోంది. వడ్డిస్తున్న ఒడెత్ గరిటె ఆగింది.

"ఎవరు చెప్పారు అమ్మాయ్?"

సొలెన్ ఆవిడ మొహం చూసింది. లేచి, గోడకున్న టార్చి తీసుకుని, కిందికి వెళ్ళింది. బిరడా తీసింది. తెర లేదు. వైన్ చెరువు నీళ్ళలా నల్లగా, నిశ్చలంగా ఉంది. అందులో తన టార్చి వెలుగు తప్ప ఇంకేమీ లేదు.

వెనకాల తిబో వచ్చి నిలబడ్డాడు.

"జూన్‌లోనూ ఇలాగే ఉందా?"

"ఇలాగే ఉంది. ఆ కూజాల్లో వైన్‌కి గంధకం కలిపి ఉంది. తెరకి అది పడదు. ఇక రాదు."

"మరి వస్తోందన్నావు."

"నువ్వు మెట్ల మీద నిలబడి ఉన్నావు. వచ్చేసిందంటే, తప్పు తీరిపోయింది కదాని రావడం మానేస్తావు. రాదంటే, మొహం చెల్లక మానేస్తావు. మధ్యలో ఆ ఒక్క మాటే దొరికింది."

నవ్వొచ్చే మాటే. సొలెన్ నవ్వలేదు.

"నేను పీపా కోసం వస్తున్నాననుకున్నావా, తిబో?"

అతను బిరడా అందుకుని పీపాకి పెట్టాడు.

"నేను పాడు చేసింది మీ అమ్మ వైన్. రాదని చెప్పుంటే నీతో కూర్చుని ఏడ్చేదాన్ని. నన్నక్కడ కూర్చోనివ్వలేదు నువ్వు. వ్యాన్‌లోవాళ్ళకి చెప్పినట్టు నాకూ ఓ మంచి కథ చెప్పి పంపించావు."

ఆ సాయంత్రం వ్యాన్‌లో మైకు పని చేయడం లేదని చెప్పి, బోన్ దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాతి శనివారాలు టూరు దారి మారింది. అర్బువాలో ఇంకో నేలమాళిగ, ఇంకో భోజనం బల్ల. అక్కడి కోడికూర కూడా బాగానే ఉందని అతిథులన్నారు. సొలెన్‌కి మాత్రం ఉప్పు తక్కువనిపించింది.

సెప్టెంబరు చివర, కోతల రోజుల్లో, పట్టు విడవని వాన ఒకటి పట్టుకుంది. శనివారం పొద్దున బోన్ కూడలిలో సొలెన్ గొడుగు కింద నిలబడి టికెట్లు చూస్తూ ఒక్కొక్కరినీ ఎక్కిస్తోంది. చివరి టికెట్ చాచిన చెయ్యి ద్రాక్షరసంతో గోళ్ళ దాకా నల్లబడి ఉంది.

ఆమె తలెత్తింది. తిబో. నున్నగా దువ్విన జుట్టు, ఇస్త్రీ కోటు, చంకలో సంచీ.

"కోతలు వదిలేసి వచ్చావా?"

"వానలో కోయలేం. టూర్ బాగుంటుందని విన్నాను. కిటికీ పక్క సీటు ఉందాండీ?"

"వెనక ఉంది," అంది సొలెన్. "కుదుపులెక్కువ."

వ్యాన్ ఊరు దాటింది. ఆమె మైకులో ఎడమ వైపు కొండ గురించి చెప్పింది, కుడి వైపు చర్చి గురించి చెప్పింది. వెనక నుంచి చెయ్యి లేచింది.

"గైడు గారూ, చిన్న సందేహం. ఈ దారిలో ముట్టుకోకూడని పీపా ఒకటి ఉందట కదా?"

"ఉండేది. దాని యజమాని అబద్ధాలకోరు. అందుకని అటు వెళ్ళడం మానేశాం."

ముందు సీట్లో, లిల్ నుంచి వచ్చిన మేడం దుక్రొ అనే పెద్దావిడ వెనక్కి తిరిగింది. "ఏం అబద్ధం చెప్పాడేమిటి?"

"ఒక అమ్మాయి రాకుండా పోతుందేమోనని భయపడి, ఉన్నది ఉన్నట్టు చెప్పలేదండీ," అన్నాడు తిబో.

"భార్యా?"

"ఇంకా అడగలేదు."

మేడం దుక్రొ పక్కనున్న భర్త మోకాలి మీద తట్టింది. ఆయన నిద్ర లేచాడు. వ్యాన్‌లో ఇంకెవరూ కొండల వంక చూడటం లేదు. సొలెన్ మైకు కట్టేసింది. చెవులు కట్టేసుకోవడం కుదరలేదు.

లోయ కనిపించే మలుపు దగ్గర ఎప్పుడూ ఆపుతుంది, ఫొటోల కోసం. ఆపింది. వాన సన్నబడింది. తిబో సంచీ విప్పి పేరు కాగితం లేని ఓ సీసా బయటికి తీశాడు. అందరికీ తలా కొంచెం పోసి, చివరి గ్లాసు ఆమెకిచ్చాడు.

వాసన చూడగానే తెలిసిపోయింది.

"పీపా తెరిచేశావా?"

"నిన్న. పిన్నీ నేనూ సీసాల్లో పట్టేశాం."

వ్యాన్ నడిపేవాళ్ళు నోట్లో తిప్పి ఉమ్మేయాలి. ఆమె ప్రతి శనివారం చేసేది అదే. ఈ గుక్క మాత్రం మింగింది. అక్రోటు రుచి ముందొచ్చింది, తర్వాత సన్నటి ఉప్పదనం, ఆ వెనక ఇంకేదో మెత్తగా ఉంది.

"పసుపు వైన్ కాదిది," అంది.

"కాదు. మామూలు తెల్ల వైనూ కాదు. పేరు లేదు. అమ్మలేం, తాగడమే." అతను గ్లాసులోకి చూశాడు. "గడువు ఇంకో రెండేళ్ళుంది. ఆ రోజు వచ్చినా తెరిచేవాణ్ణి కాదు, సొలెన్. తెరవనంత కాలం అమ్మ పని ఇంకా కొంచెం మిగిలి ఉన్నట్టుండేది. నిన్న పిన్ని ఒక గుక్క తాగి, అక్క ఇది తాగి ఉంటే మెచ్చుకునేది అంది. ఇద్దరం ఏడ్చాం. నువ్వూ అక్కడ ఉండాలి. నేనే లేకుండా చేశాను."

ఆమె అతని గ్లాసు అంచున చేరిన వాన చుక్కని వేలితో తుడిచింది.

"ఆ పీపా ఇప్పుడు ఖాళీగా ఉంది," అన్నాడు తిబో. "ఈ చలికాలం కొత్త వైన్ పోయాలి. పోసేటప్పుడు ఇంకో మనిషి కావాలి. ఆ తర్వాత ఆరేళ్ళ పైన దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఒక్కణ్ణే ఉండగలను. ఉండాలని లేదు."

"తెర వచ్చినా రాకపోయినా?"

"వచ్చినా రాకపోయినా, ఏ పూటది ఆ పూటే నీకు చెబుతాను."

మేడం దుక్రొ గొడుగు కింద భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. మిగతావాళ్ళు లోయ చూస్తున్నట్టు నటిస్తున్నారు. సొలెన్ కోటు జేబులోంచి ఫోను తీసి, కాస్త పక్కకి నడిచి, నంబరు నొక్కింది. అవతల గిన్నెల చప్పుడు వినిపించింది.

"పిన్నీ, నేను సొలెన్‌ని. మధ్యాహ్నానికి వ్యాన్ నిండా వస్తున్నాం. కోడి సరిపోతుందా?"

అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"వాడు నీ పక్కనే ఉన్నాడా?" అంది ఒడెత్.

"ఉన్నాడు పిన్నీ."

"కోతల రోజున చెప్పకుండా పోయాడు, వాణ్ణి తర్వాత తిడతాను. నువ్వు మెల్లగా నడుపు తల్లీ. రోడ్డు తడిగా ఉంది."