పెట్టెలో పన్నెండు జతలు

సాయంత్రం అయిదూ పది. లాడ్జి డైనింగ్ హాల్లో టీ పెట్టారు. టూరు వాళ్ళకి వేసిన కుర్చీలు పన్నెండు. కూర్చున్నవాళ్ళు పదకొండు మంది.

"మా నాన్న ఏరీ?"

అడిగింది ఆయన కొడుకే. మధ్యాహ్నం గ్లేసియర్ మీద అందరి ముందూ తండ్రితో పోట్లాడి, విసవిసా దిగొచ్చేసిన మనిషి. వచ్చి గదిలో ముసుగుతన్ని పడుకున్నాడు. ఇప్పుడే లేచాడు.

గైడు కప్పు కింద పెట్టాడు. "మీతో మొదటి వ్యాన్లో రాలేదా?"

"లేదే! నేనొక్కణ్ణే వచ్చాను. మీతో రెండో వ్యాన్లో వస్తారనుకున్నా."

"మేమేమో మీతో వెళ్ళిపోయారనుకున్నాం."



కనబడకుండా పోయిన పెద్దాయన్ని టూరులో అందరూ మాస్టారనేవాళ్ళు. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు, కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. కానీ కనబడ్డవాళ్ళకల్లా పాఠాలు చెప్పేవారు. గ్లేసియరంటే ఏమిటో గైడుకే చెప్పబోతే, పాపం గైడు చేతులు కట్టుకుని విన్నాడు.

మూల టేబుల్ దగ్గర ఒకతను తల్లి కప్పులో చక్కెర కలుపుతూ ఆగిపోయాడు. సిటీలో క్రైమ్ బ్రాంచ్ ఇన్‌స్పెక్టర్. సెలవు పెట్టి, అమ్మకి మంచుకొండలు చూపించడానికి వచ్చాడు. కేసు అన్న మాట చెవిన పడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు కాస్తా అక్కడే తీసి గట్టున పెట్టాడు.

"ఐసు మీద ఎవరైనా మిగిలిపోయే వీలుందా?" గైడుని అడిగాడు.

"ఛాన్సే లేదు సార్. పట్టీలన్నీ పెట్టెలోకి వచ్చేశాయి."

ఈ పట్టీల సంగతి చెప్పాలి. గ్లేసియర్ మీద నడవాలంటే బూట్ల కింద ఇనుప కొక్కేల పట్టీలు బిగించుకోవాలి. అవి లేకుండా నాలుగడుగులు వేస్తే అయిదో అడుగు ఆసుపత్రిలోనే. ఐసు అంచున చెక్కపెట్టె ఉంటుంది. ఎక్కేటప్పుడు అందులోంచి ఒక జత తీసుకోవాలి. దిగాక విప్పి, జతని కలిపి కట్టి, అందులోనే పడేయాలి. గైడు మనుషుల్ని లెక్కపెట్టడు. టోపీలూ మఫ్లర్లూ నల్లకళ్ళద్దాలూ తగిలించాక ఎవరెవరో కన్నతల్లికి కూడా తెలియదు. పైగా ఒకరు ఫొటోకని, ఒకరు చాటుకని పోతూనే ఉంటారు. అందుకని జతల్ని లెక్కపెడతాడు. పెట్టె నిండితే ఐసు ఖాళీ అయినట్టు. ఆ కొండ మీద గైడులందరిదీ అదే పద్ధతి.

పెట్టెని వ్యాన్లో తెచ్చి లాడ్జి వరండాలో దించారు. ఇన్‌స్పెక్టర్ వెళ్ళి మూత తీసి చూశాడు. పన్నెండు జతలు. ఒక్కటీ తక్కువ లేదు.

లోకల్ ఎస్సై జీపులో వచ్చాడు. కుర్రవాడే, హుషారైనవాడు. "సార్, వెలుతురు ఇంకో గంట ఉంటుంది. ఐసు మీదకి మనుషుల్ని పంపనా?"

"వద్దు. ఆయన ఐసు దిగాడు, పట్టీలు తిరిగొచ్చాయి. కిందే వెతికించండి. వాగు పొడుగునా, చెట్లల్లో."

ఆ మాట అన్నది ఇన్‌స్పెక్టరే. ఇంకెవరూ కాదు.

వాగు వెతికారు. చెట్లు వెతికారు. వ్యాన్లు ఆగే చోటు, టీ కొట్టు వెనక, పాత షెడ్డు, అన్నీ జల్లెడ పట్టారు. చీకటి పడింది. మాస్టారి జాడ లేదు.

తెల్లారేసరికి ఎస్సైకి ఒక ఐడియా వచ్చేసింది. కొడుకుని లాడ్జి ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు. మర్యాద కోసం ఇన్‌స్పెక్టర్ని కూడా పిలిచాడు.

"నిన్న గొడవెందుకయింది?"

"చెవి మెషీన్ గురించి సార్. నేను మాట్లాడుతుంటే ఆపేస్తారు. ఎన్నిసార్లు చెప్పినా అంతే."

"మీరేమన్నారు?"

కొడుకు తల దించుకున్నాడు.

"అందరూ విన్నారు. మీ నోటితో చెప్పండి."

"ఇక మీతో నా వల్ల కాదు... మీ చావు మీరు చావండి అన్నాను."

"తర్వాత?"

"దిగిపోయాను."

"ఒక్కరే?"

"మొదటి బ్యాచ్ వాళ్ళు ముందు నడుస్తున్నారు. నేను వెనక."

"అంటే మిమ్మల్ని చూసినవాళ్ళు లేరు. నిన్న మీ ప్యాంటు మోకాళ్ళ దాకా ఎందుకు తడిసింది?"

"వాగు దాటుతుంటే జారాను."

"జారారా? లేక మీ నాన్నగారు బతిమాలుకుంటూ వెనకాలే వస్తే, వాగు దగ్గర ఒక్క తోపు తోశారా?"

"సార్!" కొడుకు లేచి నిలబడ్డాడు. "ఆయన బతిమాలే మనిషి కాదు సార్. కోపమొస్తే వెనక్కి తిరిగి కూర్చుంటారు. మెషీన్ ఆపేస్తారు. పక్కన బాంబు పేలినా వినబడదు."

గోడకి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ నిటారుగా అయ్యాడు.

"నిన్న కూడా ఆపేశారా?"

"నా కళ్ళ ముందే ఆపి జేబులో వేసుకున్నారు."

ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చి గైడుని పట్టుకున్నాడు. "పైన మనం ఆగిన దగ్గర్నుంచి జరిగిందంతా మళ్ళీ చెప్పండి."

"నడిమధ్య పెద్ద రాయి ఉంది కదా సార్, దాని మీద ఆగాం. రాతి మీద పట్టీలుంటే జారతాయి, అందుకని అందరిచేతా విప్పించాను. అలిసిపోయినవాళ్ళు ముందు దిగిపోయారు. మిగతావాళ్ళని పిలవడానికి రెండుసార్లు విజిల్ వేశాను."

"రాయి అవతలి పక్క చూశారా?"

"అక్కర్లేదు సార్. రాతి మీద ఒక్క జత కూడా మిగల్లేదు. జత లేదంటే మనిషి లేనట్టే కదా!"

విజిల్ వినబడని మనిషి. రాయి అవతల, గాలి తగలని చోట అలిగి కూర్చుంటే? కానీ మరి ఆ జత నడుచుకుంటూ పెట్టెలోకి ఎలా వచ్చింది?

ఇన్‌స్పెక్టర్ వరండాలో పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. నిన్న లెక్కపెట్టాడు గానీ, చూడలేదు. ఇప్పుడు ఒక్కొక్క జతా తీసి నేల మీద పరిచాడు. తోలు తాళ్ళని ఒక్కొక్కరు ఒక్కోలా కట్టారు. కొందరు ఊరికే చుట్టేశారు. ఒకరు పీటముడి వేశారు. రెండు జతలు మాత్రం అచ్చుగుద్దినట్టు ఒక్కలాగే ఉన్నాయి. తాడు రెండు చుట్లు తిప్పి, కొసని లోపలికి దోపిన ముడి. ఎంత విసిరినా ఊడదు, కొస పట్టి లాగితే చటుక్కున విడిపోతుంది.

ఇన్‌స్పెక్టర్ ఆ ముడిని గుర్తుపట్టాడు.

అది పార్సిల్ ఆఫీసు ముడి. అమ్మ ఆ ఆఫీసులో రిటైరయ్యేదాకా వేసిన ముడి. అతని పుస్తకాల కట్టకీ, క్యారేజీ సంచికీ, చిన్నప్పటి బూట్లకీ వేసిన ముడి. టూరులో ఇంకెవరికీ రానిది.

ఒక జత అమ్మది. రెండోది?

కొస వేళ్ళ మధ్య ఉంది. ఒక్క లాగు. విడిపోతుంది. తర్వాత మనుషుల్ని ఐసు మీదకి పంపొచ్చు. ఆ రెండో జత ఎవరు తెచ్చారని ఎస్సై అడిగితే, అడిగేదేముంది, మాస్టారి కొడుకే అనుకుంటాడు. తండ్రిని రాతి మీద వదిలేసి, పట్టీలు పట్టుకొచ్చి పెట్టెలో పడేశాడంటాడు. కేసు బ్రహ్మాండంగా అతుకుతుంది. అమ్మ పేరే రాదు. ఆ కొడుకు జీవితం మాత్రం గంగపాలవుతుంది.

ఎంతసేపు అలా కూర్చున్నాడో! సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ భయమేసింది. చెయ్యి వెనక్కి తీసుకుని, గైడుని కేకేశాడు.

"రెస్క్యూ వాళ్ళని తీసుకుని రాయి దగ్గరికి వెళ్ళండి. ఇప్పుడే. పరిగెత్తండి!"

తర్వాత గదికి వెళ్ళాడు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని శాలువా మడతపెడుతోంది. విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది.

"అమ్మా, నిన్న మంచు మీద నీ పట్టీలతో పాటు ఇంకో జత తెచ్చావా?"

"తేక? నా సంచిలో వేసుకునే తెచ్చా."

"ఎవరివమ్మా అవి?"

"ఎవరివేమిట్రా, మీ నాన్నవే! ఎక్కడ విప్పితే అక్కడే వదిలేస్తారు మహానుభావుడు. సగం జీవితం ఆయన వెనకాల చెప్పులేరడంతోనే సరిపోయింది నాకు." అమ్మ నవ్వింది. "ఇంకా రాలేదేం? టీ చల్లారిపోదూ?"

నాన్న పోయి నాలుగేళ్ళయింది.

తొమ్మిదిన్నరకి ఎస్సై అందర్నీ డైనింగ్ హాల్లో కూర్చోబెట్టాడు. గుమ్మం దగ్గర జీపు సిద్ధంగా ఉంది. కొడుకు పక్కన కానిస్టేబుల్ నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ రెండు జతల పట్టీలు టేబుల్ మీద పెట్టాడు.

"ఇతన్ని వదిలెయ్యండి. మాస్టారు ఐసు దిగనే లేదు."

"ఏమిటి సార్ ఇది?" ఎస్సై మొహం మాడిపోయింది. "ఐసు మీద వెతకొద్దన్నది మీరేగా!"

"నేనే. పన్నెండు జతలున్నాయని లెక్క చూసుకున్నాను. ఎవరు కట్టారో చూడలేదు. ఈ రెండు ముడులూ చూడండి. రెండూ ఒక్క చెయ్యి వేసినవి. మాస్టారు రాతి మీద పట్టీలు విప్పి, అవతలి పక్కకి వెళ్ళి కూర్చున్నారు. మెషీన్ ఆపేశారు. విజిల్ వినబడలేదు. ఈలోపల ఆయన జతని ఒకరు సంచిలో వేసుకుని కిందికి తెచ్చేశారు."

"ఎవరు?"

"మా అమ్మ."

ఎవరో అయ్యో అన్నారు. ఇన్‌స్పెక్టర్ ఆగకుండా చెప్పేశాడు. ఆగితే మళ్ళీ నోరు పెగలదని అతనికి తెలుసు.

"ఆవిడకి మతి తప్పుతోంది. ఏడాదిగా చూస్తున్నాను. డాక్టరు పరీక్షలు చేయించమంటే, వయసండీ అని దాటేశాను. బయల్దేరేముందు గైడు అందర్నీ అడిగాడు, ఆరోగ్యం విషయంలో చెప్పాల్సింది ఏమైనా ఉందా అని. ఏమీ లేదన్నాను. చెబితే ఆవిణ్ణి ఐసు మీదకి రానివ్వరు. గుర్తుండగానే ఒక్కసారి మంచు చూపిద్దామనుకున్నాను. ఆవిడ పెట్టెలో జతలు వేసేటప్పుడు నేను పక్కనే ఉండాలి. ఫోనుకి సిగ్నల్ వచ్చిందని పక్కకి పోయాను."

కొడుకు అతని వంకే చూస్తున్నాడు. "అయితే నాన్న అక్కడే ఉన్నారా? దొరుకుతారా సార్?"

ఎస్సై వైర్‌లెస్ గరగరమంది. గైడు గొంతు.

"దొరికారు సార్. రాయికి కొంచెం దిగువన. జారి పడ్డట్టున్నారు, తుంటి విరిగింది." గరగర. "లేరు సార్."

"ఎప్పుడు పోయుంటారు?" ఎస్సై అడిగాడు.



"తెల్లారాక ఇక్కడ కాస్త పొడిమంచు పడింది సార్. దాని మీద పాకిన జాడ ఉంది."

అంటే తెల్లారాక కూడా ప్రాణంతో ఉన్నారు. రాత్రంతా. వీళ్ళు వాగు వెతుకుతున్నప్పుడు, చెట్లు వెతుకుతున్నప్పుడు, కొడుకుని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి తోశారా అని అడుగుతున్నప్పుడు కూడా పాకుతూనే ఉన్నారేమో. హాల్లో అందరికీ అర్థమైంది. ఎస్సై వైర్‌లెస్ కట్టేసి, కానిస్టేబుల్‌ని వెళ్ళిపొమ్మని సైగ చేశాడు.

కొడుకు టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. "అదే సార్, నేను ఆయనతో అన్న ఆఖరి మాట. అదే."



అప్పుడే అమ్మ గదిలోంచి వచ్చింది. శాలువా కప్పుకుంది, జుట్టు నున్నగా దువ్వుకుంది. అందరినీ చూసి చిన్నగా నవ్వి, ఏడుస్తున్న మనిషిని చూసి నవ్వాపేసింది. దగ్గరికి వెళ్ళి తల మీద చెయ్యి వేసింది.

"ఏమైంది నాయనా?"

ఇన్‌స్పెక్టర్ ముందుకి అడుగు వేశాడు. "అమ్మా, రా, గదికి వెళ్దాం."

"ఉండరా. పిల్లవాడు ఏడుస్తుంటే..."

కొడుకు తలెత్తి చూశాడు. ఆ చెయ్యి ఎవరిదో అతనికి తెలుసు. విదిలించుకోలేదు. అతనికి ఆ ఓపిక కూడా మిగల్లేదు.

"నాన్న పోయారమ్మా."

"అయ్యయ్యో!" అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దొంగ ఏడుపు కాదు, నిజం నీళ్ళే. "ఎలా పోయారు బాబూ?"

కొడుకు ఇన్‌స్పెక్టర్ వంక చూశాడు. ఎస్సై కూడా చూశాడు. హాల్లో ఉన్నవాళ్ళందరూ చూశారు.

"చలికమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మంచు మీద ఉండిపోయారు."

"ఒక్కరేనా? అంత చలిలో పెద్దాయన్ని ఒంటరిగా ఎవర్రా వదిలేశారు?"

అమ్మకి కోపమొచ్చింది. మాస్టారి కొడుకు తల నిమురుతూనే ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి గట్టిగా కోప్పడింది.

"నువ్వు పోలీసువేగా! అలా బొమ్మలా నిలబడతావేం? వాళ్ళెవరో కనుక్కో. వదలకు."

"అలాగేనమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.