పెట్టె వెనక పచ్చరంగు

కాసులపేరు పోయింది. పెట్టె తాళం మాత్రం వేసినట్టే ఉంది.

1958 మార్చి. శుక్రవారం, ఉదయం పదకొండు గంటలు. గుంటూరులో వెంకాయమ్మ గారి వసారాలో సబ్ ఇన్‌స్పెక్టర్ జయరావు స్టూలు మీద కూలబడ్డాడు. వారమంతా బందోబస్తు డ్యూటీ. కళ్లు మండుతున్నాయి. ఈ ఉద్యోగం ఇక తన వల్ల కాదని రోజూ అనిపించేదే, ఇవాళ మరీ అనిపించింది.

ఎదురుగా ట్రంకు పెట్టె మెరుస్తోంది. పచ్చటి ఎనామెల్ మీద ఎర్రముక్కు చిలకలు, మల్లెతీగ. పెట్టెలకు బొమ్మలు వేసే పీరు సాహెబ్ ఈ వసారాలోనే కూర్చుని రెండు రోజులు వేశాడు. పెట్టె ఖాళీ చేసి ఇవ్వమని అతను అడిగాడట. తాళం ఉండగా భయమేమిటని వెంకాయమ్మ నగను లోపలే ఉంచేసింది.

ఎవరో వెనక మూత బందుల సీలలు ఊడదీశారు. నగ తీసి మళ్లీ బిగించారు. పెచ్చులూడినచోట రంగు పూశారు.

రంగు చేతిలో ఉన్నవాడు పీరు. తెల్లవారగానే హెడ్ కానిస్టేబుల్ అతన్ని లాకప్‌లో వేశాడు. ఆ కబురు వినగానే జనం అతని దుకాణానికి పోయి, సగం రంగు పడ్డ తమ పెట్టెలు మోసుకుపోయారు. నలుగురూ ఇళ్లలోకి రానిస్తేనే అతనికి కూడు. ఇక ఎవరు రానిస్తారు?

జయరావు బందు మీద వేలితో రుద్దాడు. గరుగ్గా తగిలింది. వంగి చూశాడు. నడుం కలుక్కుమంది.

రంగులో తెల్లటి నూగు. పెట్టె అంతా తడిమాడు. మరెక్కడా లేదు.

"రాత్రిళ్లు రంగు డబ్బా ఎక్కడ పెట్టేవాడమ్మా?"

"ఇక్కడేనండి."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, మా మరిది రోశయ్యా. జిన్నింగ్ మిల్లులో ఫిట్టరండి."

పన్నెండున్నరకు కానిస్టేబుల్ రోశయ్యను తీసుకొచ్చాడు. జుట్టు నిండా పత్తి నూగు. జయరావు అతన్ని పెట్టె వెనక్కి తీసుకెళ్లాడు.

"ఇది పత్తి. గాలికి వచ్చిందైతే పెట్టెంతా అంటుకోవాలి. బందుల దగ్గరే ఉందంటే, పూసినవాడి ఒంటి మీంచి తడిరంగులో రాలింది. పీరు మిల్లు మొహం ఎప్పుడన్నా చూశాడా?"

రోశయ్య "వదినా" అని ఆగిపోయాడు. కానిస్టేబుల్ వెళ్లి వెతికితే నగ మిల్లులో అతని పనిముట్ల పెట్టెలో దొరికింది.

వెంకాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఇంటివాడేనండి. నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయానని రాసుకోండి. మా పరువు కాపాడండి."

జయరావుకు ఆ మాట తియ్యగానే తోచింది. కేసు లేదు, కోర్టు లేదు. ఇంటికి పోయి నిద్రపోవచ్చు. కానీ పొద్దున లాకప్‌లో చూసిన పీరు మొహం గుర్తొచ్చి సిగ్గేసింది.

"దొంగే లేడని రాస్తే ఊరికి పీరే దొంగగా మిగిలిపోతాడమ్మా."

గుమ్మంలో జీపు ఉంది. పీరును విడిపించి అందులో దుకాణం దగ్గర దింపమని కానిస్టేబుల్‌ను పంపించాడు. రోశయ్యకు బేడీలు వేసి బజారులో నడిపించాడు. మండుటెండ. మిరపకాయల బళ్ల ఘాటుకు దగ్గొస్తోంది. కాళ్లు పీకుతున్నాయి. అయినా తొందరపడలేదు.

ఖాళీ దుకాణం ముందు పీరు నిలబడి ఉన్నాడు. పక్క టీకొట్టులో ఎవరో బేడీలతో ఉన్న రోశయ్యను చూపి ఇతనెవరండీ అని అడిగారు.

"వెంకాయమ్మ గారి నగ దొంగ. పేరు రోశయ్య. పీరు సాహెబ్‌కు ఏ సంబంధం లేదు," అని జయరావు వీధంతా వినబడేలా చెప్పాడు.

ఒక్కసారి చెబితే చాలదని అతనికి తెలుసు. వీధి చివర ఆగి మళ్లీ చెప్పాడు.