మూడో విజిల్

తోడల్లుళ్ళిద్దరూ ఒకే కారులో నాలుగు గంటలు ప్రయాణం చేసి దెబ్బలాడుకోకుండా దిగారంటే, వాళ్ళలో ఒకడు నిద్రపోయి ఉండాలి. ఆ రోజు నిద్రపోయినవాడు అనంత్. ఎడ్మంటన్ నుంచి కొండల మొదట్లో ఉన్న వాల్టర్ గుర్రాలశాల దాకా పాండురంగే డ్రైవ్ చేశాడు. మరదలు వాసవి మాట దారంతా చెవిలో తిరుగుతూనే ఉంది. ఏడో నెల పొట్టతో గుమ్మం దాకా వచ్చి చెప్పింది పిల్ల.

"ఆయన ఎవరి మాటా వినరు బావగారూ. మీరే వెనక్కి తెచ్చి నాకు అప్పజెప్పాలి."

"అలాగేనమ్మా" అన్నాడు పాండురంగ. మాట ఇవ్వడానికేం, నోరుంటే చాలు.

అనంత్ ఆరేళ్ళు టెక్సస్‌లో ఉండి కెనడా వచ్చిన మనిషి. ఏ విషయం ఎత్తినా అక్కడ ఇంతకంటే బాగా చేస్తారంటాడు. వేట అక్కడే నేర్చాడు. ఈ ఏడు ప్రభుత్వం తీసే డ్రాలో ఎల్క్ వేటకి పర్మిట్ తగిలింది. ఎల్క్ దుప్పి జాతిదే గానీ గుర్రమంత ఉంటుంది. కారు పోలేని అడవిలోకి రోజంతా గుర్రాల మీద పోతే తప్ప కంటపడదు. ఒంటరిగా పంపనని వాసవి పట్టుబట్టింది. అందుకని, తుపాకీ ఏ వైపు పేలుతుందో కూడా సరిగ్గా తెలియని పాండురంగ తోడు వెళ్ళాల్సి వచ్చింది. పెద్దల్లుడై పుట్టినందుకు ఇదొక శిక్ష. ఇంతా చేస్తే ఆ అనంత్ ఒక్కసారైనా అన్నయ్యా అని పిలవడు. వాసవి ఎంత చెప్పినా 'బాస్' అనే పిలుస్తాడు, అదీ మూతి వంకరగా పెట్టి.

వాల్టర్‌కి డెబ్బై దాటాయి. ఎక్కడానికి రెండు గుర్రాలు, సామాన్లకి మూడు సిద్ధం చేసి ఉంచాడు. సామాను గుర్రానికి అటొక పెట్టె, ఇటొక పెట్టె. రెండూ సమానంగా తూగాలి, లేకపోతే జీను ఒరిగి గుర్రం వీపు పుండు పడుతుంది. ఒక్కో పెట్టెనూ కొక్కేనికి తగిలించి తూచాడు ముసలాయన. ఒకటి మరీ బరువుగా తూగింది. మూత తీసి, అందులోంచి ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కర్ పైకెత్తాడు.

"ఏంటిది?"

"అన్నం వండుకునేది" అన్నాడు అనంత్. "కొండమీద మామూలు గిన్నెలో అన్నం ఉడకదు."

వాల్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తేలిక పెట్టెలోకి మార్చాడు. తాళ్ళు బిగిస్తూ ఒక్క మాట చెప్పాడు. పొద్దు వాలాక అక్కడ ఈల వేయొద్దు. మగ ఎల్క్ కూత కూడా ఈలలాగే ఉంటుంది, అది కూసినా బదులు ఇవ్వొద్దు. ఎల్క్‌ని పిలిచే గొట్టం చీకటి పడ్డాక బయటికే తీయొద్దు.

"ఎందుకు, పాములొస్తాయా?" అని తెలుగులో అడిగి తనే నవ్వుకున్నాడు అనంత్. వాల్టర్‌కి అర్థం కాలేదు. నవ్వనూ లేదు.

సాయంత్రానికి ఒక వాగు ఒడ్డున డేరా వేశారు. రెండు చెట్ల మధ్య తల ఎత్తులో తాడు లాగి, గుర్రాలను వరసగా దానికి కట్టారు. చుట్టూ దేవదారుల్లాంటి స్ప్రూస్ చెట్లు, కింద తడి నాచు. గుర్రాల చెమట వాసన, పొగ వాసన. వాగు చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆ రాత్రి ఇద్దరూ అటుకులు తిని పడుకున్నారు.

మర్నాడు పొద్దంతా తిరిగినా డెక్కల గుర్తులే తప్ప ఎల్క్ కనపడలేదు. తప్పంతా పాండురంగ దగ్గుదే అన్నాడు అనంత్. చీకటి పడేవేళకి ఒకరి మొహం ఒకరు చూసుకునే స్థితిలో లేరు. పాండురంగ గ్యాస్ స్టవ్ మీద కుక్కర్ పెట్టి, నీళ్ళ కోసం వాగుకి దిగాడు. తిరిగొచ్చేసరికి స్టవ్ కట్టేసి ఉంది.

"మూడొచ్చాయి, కట్టేశా" అన్నాడు అనంత్.

మూత తీస్తే బియ్యం పలుకు విరగలేదు.

"ఒక్కటే వచ్చుంటుంది."

"నాకు లెక్క రాదా బాస్? మూడు విన్నాను."

మళ్ళీ పెట్టారు. ఈసారి ఇద్దరూ దాని ఎదురుగానే కూర్చున్నారు. కాసేపటికి కుక్కర్ విజిల్ వేసింది. ఆవిరి చిమ్మి, వెయిట్ టక్కున కూర్చుంది.

వాగు అవతల నుంచి ఇంకో విజిల్ వచ్చింది.

అదే గొంతు. అదే బుస. చివర వెయిట్ కూర్చున్న టక్కు శబ్దంతో సహా. ఆ తర్వాత ఇంకొకటి. గుర్రాలు అయిదూ మేత మాని చెవులు అటు తిప్పాయి.

"మగ ఎల్క్" అన్నాడు అనంత్, కళ్ళు మెరుస్తుంటే. "మన కుక్కర్ని ఇంకో మగదనుకుంటోంది. పోట్లాటకి వస్తుంది చూడు."

"కట్టెయ్. వాల్టర్ చెప్పాడుగా."

"ఆయన ఈల వేయొద్దన్నాడు. మనం వేశామా?"

మంట పెంచాడు. కుక్కర్ ఒకటి వేసింది. బదులుగా రెండు వచ్చాయి, ఈసారి వాగు ఇవతల నుంచి. మళ్ళీ ఒకటి. మళ్ళీ రెండు, ఇంకా దగ్గర్నుంచి. కొమ్మ విరిగిన చప్పుడు లేదు. అడుగు చప్పుడూ లేదు. అనంత్ మొహంలో నవ్వు మెల్లగా తగ్గింది.

"బాస్..." అన్నాడు గుసగుసగా. "అది మూడు పూర్తి చేస్తోంది."

పాండురంగ స్టవ్ కట్టేశాడు. అప్పుడే బూడిదరంగు గుర్రం ఒక్క గుంజు గుంజి, తాడు తెంపుకుని చెట్లలోకి పరుగెత్తింది.

ఇద్దరూ కలిసి వెళ్ళి ఉండాల్సింది. లేదా ఇద్దరూ కదలకుండా ఉండాల్సింది. కానీ రెండు రోజుల కోపం పాండురంగ నోట్లో సిద్ధంగా ఉంది.

"పిలిచింది నువ్వు. నువ్వే పోయి తెచ్చుకో."

అనంత్ అతని వంక ఒక్క క్షణం చూశాడు. భయపడుతున్నాడని తెలిసిపోయింది. వాడు భయపడటం చూసి పాండురంగకి లోపల సంతోషం కలిగింది. చిన్నదే గానీ, కలిగింది. అనంత్ తుపాకీ తీసుకుని, తలకి లైటు కట్టుకుని వెళ్ళాడు.

లైటు చెట్ల మధ్య ఊగుతూ పోయింది. దూరంగా ఆగింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత పైకి లేచింది... మనిషి ఎత్తు దాటి... కొమ్మల ఎత్తు దాటి... ఆరిపోయింది.

పాండురంగ పిలవలేదు. పిలిస్తే ఏది పలుకుతుందో అని భయం. కుక్కర్ వెయిట్ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. కుక్కర్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా మూత నొక్కి కూర్చున్నాడు. గుర్రాలు నాలుగూ చెట్ల వైపు చూస్తున్నాయి. తలలు మెల్లగా తిరుగుతున్నాయి, నాలుగూ కలిసి... వాగు వైపు... డేరా వైపు... ఆఖరికి అవి పాండురంగ వైపు తిరిగి ఆగాయి. చూస్తున్నది అతణ్ణి కాదు. అతని భుజం మీదుగా, వెనక్కి.

మెడ మీద వెచ్చటి ఆవిరి తగిలింది. ఉడికీ ఉడకని బియ్యం వాసన.

అతను తల తిప్పలేదు. తెల్లారేదాకా తిప్పలేదు.

తెల్లారాక చూస్తే, ఆరిన నెగడు పక్కన దుంగ మీద అనంత్ కూర్చుని ఉన్నాడు. తుపాకీ లేదు, లైటూ లేదు. రాత్రంతా తడి నాచులో తిరిగినవాడి బూట్లు పొడిగా ఉన్నాయి.

"పద అన్నయ్యా" అన్నాడు. "ఇంటికి పోదాం."

ఆ పిలుపు కోసం ఏళ్ళ తరబడి చూసిన పాండురంగ, వాడి వైపు చూడకుండా గుర్రాలకి జీన్లు బిగించాడు. అనంత్ దగ్గరికొస్తే గుర్రాలు తాళ్ళు తెగేలా లాగాయి. అందుకని అతను నడిచే వచ్చాడు. రోజంతా నడిచినా రొప్పలేదు, గుక్కెడు నీళ్ళు తాగలేదు. పాండురంగ ముందు గుర్రం మీద ఉండి ఒక్కసారీ వెనక్కి చూడలేదు. వదిలేసి పోదామని రెండుసార్లు అనుకున్నాడు. రెండుసార్లూ వాసవి గుర్తొచ్చింది.

తప్పిపోయిన బూడిద గుర్రం వాల్టర్ కొట్టంలోనే ఉంది. రాత్రి ఒంటరిగా వచ్చేసిందట. వాల్టర్ కంచె దాటి ఇవతలికి రాలేదు. అనంత్‌ని చాలాసేపు చూశాడు.

"ఈల వేశారా?" అని అడిగాడు.

"లేదు" అన్నాడు పాండురంగ. అబద్ధం కాదు కూడా.

వాల్టర్ తలూపి, గేటు వేసుకుని లోపలికి పోయాడు.

మరో నాలుగు రోజులకి వాసవి వాళ్ళు భోజనానికి పిలిచారు. చెల్లెల్ని కూర్చోబెట్టి, పాండురంగ భార్య భ్రమరాంబే వంట చేసింది. అనంత్ ముందుగదిలో లైటు వేసుకోకుండా కూర్చుని ఉన్నాడు. అడవి నుంచి వచ్చాక మనిషి మారిపోయాడనీ, ఎవరి మాటకీ అడ్డం చెప్పట్లేదనీ వాసవి మురిసిపోయింది. "మీరు మాట నిలబెట్టుకున్నారు బావగారూ" అంది. పాండురంగ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

"మూడొచ్చాయా?" అని అడిగింది భ్రమరాంబ, కూర కలుపుతూ.

"వచ్చాయక్కా" అంది వాసవి. భ్రమరాంబ స్టవ్ కట్టి, ఆవిరి పోనిచ్చి, వెయిట్ తీసి సింకులో పడేసింది. పాండురంగకి వడ్డించింది. అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పళ్ళ కింద పలుకు కటుక్కుమంది.

"ఉడకలేదా? ఈ నాలుగు రోజులూ ఇంతే" అంది వాసవి. "లెక్కపెట్టే కడుతున్నాను మరి."

అప్పుడు ముందుగదిలోంచి విజిల్ వచ్చింది. పొడుగ్గా, బుసతో... చివర టక్కుమని.

భ్రమరాంబ చేతిలో గరిటె ఆగింది. వాసవి మాత్రం పొట్ట మీద చెయ్యి వేసుకుని, కుర్చీ ఆనుకుని మెల్లగా లేచింది.

"మీరు తినండి బావగారూ, ఆయన పిలుస్తున్నారు" అని, చీకటి గది వైపు తిరిగి, "వస్తున్నానండీ" అంది.