దండకు రెండు గవ్వలు

దోసు శవం తెల్లారేసరికి సముద్రం ఒడ్డున దొరికింది. నోటి నిండా గవ్వలు కుక్కారు. సంతలో డబ్బుగా చెల్లే చిన్న తెల్ల గవ్వలు కావు. తూర్పు దీవుల నుంచి ఓడల్లో తెచ్చే పెద్ద మొరటు రకం.

"నోరు విప్పబోయినందుకు శిక్షట," అన్నాడు రేవు పెద్ద అజావి.

హువేఫా తమ్ముడి నోట్లోంచి ఆ గవ్వలు ఒక్కొక్కటే తీసింది. ఏడవలేదు. పళ్లు నూరిన చప్పుడు మాత్రం అజావికి వినపడింది.

గ్లెహూ రేవు ఊరి సంతలో గవ్వల దండలు గుచ్చడం ఆమె పని. దండకు నలభై గవ్వలు. గుచ్చినందుకు కూలి రెండు పోతే మిగిలేది ముప్పై ఎనిమిది. ఊళ్లో ఏ దండైనా అంతే, నలభై కిందే చెల్లుతుంది. ఆమె రాజుగారి ఏజెంటన్న సంగతి మాత్రం అజావికొక్కడికే తెలుసు.

"మిషన్ ఏంటి, పెద్దయ్యా?"

"తెల్ల షావుకారు ఓడలో అరవై పీపాలున్నాయి. అన్నీ ఈ చెత్తే. వాడికి కారుచౌకగా దొరికింది. అది దిగిందంటే ఈ ఏటి పామాయిలంతా కొనేస్తాడు. మన ఆడవాళ్లు ఏడాదంతా కాచిన నూనెకి బుట్టెడు గవ్వలొస్తాయి, ఆ బుట్టెడికీ పిడికెడు మొక్కజొన్న పిండి రాదు."

"ఎక్కడ దింపుతాడు?"

"దోసు కనిపెట్టాడు. చెప్పేలోగా చంపేశారు. బ్రెజిల్ నుంచి వచ్చిన రొజలీనా ఉందిగా, ఆవిడ మనవైపే. కబురు తెస్తుంది. కోడ్, 'దారం తెగిందా?'"

పొద్దెక్కాక రొజలీనా వచ్చింది. పట్టు గౌను, జాలరు గొడుగు. సంతలో బేరాలు ఆగిపోయాయి.

"దారం తెగిందా, అక్కా?"

"మళ్లీ గుచ్చుతున్నా. కూర్చో దొరసానీ. పట్టుకి మట్టంటుకుంటుంది, చూసుకో."

"నీ నోటికి కళ్లెం లేదే!" అని నవ్వి, రొజలీనా గొంతు తగ్గించింది. "తూర్పు ఒడ్డు. రేపు మధ్యాహ్నం. తమ్ముడి సంగతి విన్నానక్కా, పాపం. కర్మకాండకి ఇదుంచు."

ఒళ్లో ఒక దండ పెట్టి వెళ్లిపోయింది. చిన్న తెల్ల గవ్వలే. అలవాటుగా హువేఫా వేళ్లు దాని మీద నడిచాయి. ముప్పై ఎనిమిది దగ్గర ఆగాల్సినవి ఆగలేదు.

నలభై!

ఈ ఊళ్లో ఏ ఆడదీ కూలి వదులుకుని దండ గుచ్చదు. ఇది ఓడ మీద గుచ్చిన దండ, షావుకారు మంచి గవ్వల్లో ఇచ్చిన లంచం. ముండ! తమ్ముణ్ని చంపించి, వాడి కర్మకాండకి ఆ ఓడ డబ్బే పారేసి పోయింది! అది తూర్పంటే పడమర. రేపంటే ఇవాళే.

సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. హువేఫా పరిగెత్తింది.

పడమటి ఒడ్డుకు ఎదురుగా, విరిగే అలల అవతల, పన్నెండు పడవలు పీపాలతో కాచుకుని ఉన్నాయి. ఒడ్డున పడవవాళ్ల పెద్ద, సరంగు టోవి. అతను తెల్లగుడ్డ ఊపితే పడవలు రావాలి, ఎర్రగుడ్డ ఊపితే ఆగాలి. పక్కన షావుకారు గడియారం చూసుకుంటూ అరుస్తున్నాడు.

"ఏమ్మో, గవ్వలమ్మా! నీకిక్కడేం పని? తప్పుకో!" అన్నాడు టోవి.

హువేఫా అతని అరచేతిలో పెద్ద గవ్వ కొట్టినట్టు పెట్టింది. "నీ కూలి వీటితోనే ఇస్తాడు, మావా. ఇది దోసు నోట్లోంచి తీశాను."

"మావాడు దోసేనా?"

"నీ పడవలో ఆరేళ్లు తెడ్డేసినవాడే. వీళ్లే చంపారు."

టోవి సముద్రం వైపు చూశాడు. మూడు పెద్ద అలలు వరసగా లేస్తున్నాయి. "మావాళ్లకి ఈత చేపలు నేర్పాయిలే," అని గొణిగి, తెల్లగుడ్డ ఊపాడు.

పన్నెండు పడవలూ బోర్లాపడ్డాయి. పీపాలు పగిలి గవ్వలన్నీ సముద్రంలో కలిశాయి. పడవవాళ్లు తిట్టుకుంటూ ఈదుకొచ్చారు. షావుకారు గడియారాన్ని ఇసకలోకి విసిరికొట్టాడు.

సాయంత్రం అజావి మనుషులు రొజలీనాని పట్టుకొచ్చారు. పట్టు గౌను నిండా మట్టి.

"ఎలా కనిపెట్టావే?" అంది పళ్లు బిగించి.

హువేఫా ఆ దండ విప్పింది. రెండు గవ్వలు తీసి కొంగున కట్టుకుని, మిగతావి ఆమె మొహాన కొట్టింది.

"గుచ్చినదానికి కూలి ఎగ్గొట్టావు, దొరసానీ."