ముప్పై రెండో టోన్

ఉదయం 9.05. స్టూడియో తలుపు తాళం సవ్యంగానే ఉంది. కిటికీ గడియ సవ్యంగానే ఉంది. సింథసైజర్ కీబోర్డు కూడా పైన కప్పిన నీలం గుడ్డతో సహా స్టాండు మీద ఉన్నచోటే ఉంది.

దాని లోపల ఉండాల్సినవే లేవు.

సంగీత దర్శకుడి భార్య స్విచ్ వేసి ఒకటో నంబరు బటన్ నొక్కింది. చిన్న తెర మీద టోన్ పేరు రావాలి. చుక్కలు, కొక్కేలు, సగం సగం అక్షరాలు వచ్చాయి. మీట నొక్కితే రేకు గీరినట్టు చప్పుడు. రెండో నంబరూ అంతే. ముప్పై రెండు దాకా అంతే.

ఆమె భర్త పోయి ఏడు నెలలు. పన్నెండేళ్ళు కూర్చుని ఒక్కో టోన్ స్వయంగా తయారు చేసి ఆ పెట్టెలో దాచాడు. ఆయన సగంలో వదిలేసిన చివరి పాటకి ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి రికార్డింగు. పాట మొదలయ్యేదే ముప్పై రెండో టోన్‌తో. దాని పేరు 'కిటికీ 4'. గాలికి వాళ్ళింటి వంటగది కిటికీ చేసే మూలుగుని పట్టుకోవడానికి ఆయన నెలల తరబడి కుస్తీ పట్టాడు.

9.50కి సబ్ ఇన్‌స్పెక్టర్ మెట్లెక్కి వచ్చాడు. స్టేషన్లో అందరూ ఆయన్ని 'నిదానం' అంటారు. ఎదుటే అంటారు. ఆయనేమీ అనుకోడు.

"ఏం పోయాయి మేడమ్?"

"ముప్పై రెండు టోన్లు."

"బరువెంత ఉంటాయి?"

"బరువుండవండీ."

"పెట్టె ఉంది, సరుకు పోయింది," అని నోట్‌బుక్కులో రాసుకున్నాడు నిదానం. "నాకు ఇలాంటి కేసు ఇదే మొదలు. కొంచెం విడమర్చి చెప్పండి."

ఆమె మరిది ముందుకొచ్చాడు. స్టూడియో టెక్నీషియన్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "టోన్లు దీని మెమొరీలో ఉంటాయి సార్. కేబుల్ పెట్టి కంప్యూటర్లోకి లాగొచ్చు. కంప్యూటర్ నుంచి మళ్ళీ దీనిలోకి పంపొచ్చు."

"లాగితే ఇక్కడ ఖాళీ అయిపోతుందా?"

"ఏమో సార్. నేను మైకులు, స్పీకర్లు చూసుకునేవాణ్ణి. దీన్ని అన్నయ్య ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు."

"ఒక్కర్ని ముట్టుకోనిచ్చారు," అంది వదిన. ఆమె చూపు గోడవారగా నిలబడ్డ అమ్మాయి మీద ఉంది. మాస్టారి చివరి శిష్యురాలు. ఇరవయ్యారేళ్ళు. ఆయన పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. "నిన్న సాయంత్రం గంటన్నర ఒక్కతే ఉంది. అన్నీ లాక్కుని పోయింది. ఇంకెవరికి చేతనవుతుంది ఆ పని?"

నిదానం పిచ్చుక వైపు తిరిగాడు.

"ఎప్పుడొచ్చావమ్మా?"

"నాలుగింటికి సార్."

"వెళ్ళింది?"

"ఐదున్నరకి."

"అప్పటికి టోన్లు ఉన్నాయా?"

"ఉన్నాయి. ముప్పై రెండోది వాయించే లేచాను."

"ఎదురుగా ఎవరైనా వచ్చారా?"

"కీబోర్డుల షాపాయన. మెట్ల మీద."

"నువ్వెప్పుడైనా ఈ టోన్లు కంప్యూటర్లోకి లాగావా?"

"లేదు సార్." జవాబు ప్రశ్న కంటే తొందరగా వచ్చినట్టనిపించింది. "మాస్టారు ఒప్పుకునేవారు కాదు. నా టోన్లు చెవుల్లో తప్ప ఈ గది దాటకూడదనేవారు."

"నా చేతా, ఈ పిల్ల చేతా ఒట్టు వేయించుకున్నారు," అంది ఆవిడ.

నిదానం సింథసైజర్ వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మోకాళ్ళు చప్పుడు చేశాయి. టార్చి వేశాడు. కంప్యూటర్ నుంచి వచ్చిన వైరు చివర రెండుగా చీలింది. ఒక ప్లగ్గు మీద ఇన్ అని, ఇంకోదాని మీద అవుట్ అని ముద్రించి ఉంది. సింథసైజర్ వీపున కూడా రెండు రంధ్రాలు. ఇన్, అవుట్. ఇన్‌లో ఇన్, అవుట్‌లో అవుట్ బుద్ధిగా దూర్చి ఉన్నాయి.

"వైరింగు సరిగ్గానే ఉంది సార్," అన్నాడు మరిది వంగి చూసి.

"అవును. ఎంత చక్కగా ఉందో." నిదానం ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. తర్వాత సింథసైజర్ అడుగున వేలితో తడిమాడు. రేకంతా దుమ్ము. స్క్రూల తలలు మాత్రం మెరుస్తున్నాయి.  వేలికంటిన దుమ్ము తుడుచుకున్నాడు.

వాళ్ళు చెప్పినదాన్ని బట్టి, షాపాయన నిన్న 5.30కి వచ్చాడు. సింథసైజర్ అమ్మమని అడిగాడు. ఆవిడ కుదరదని చెప్పి, ఫోనొస్తే పక్కగదిలోకి వెళ్ళింది. 6.10కి అతను వెళ్ళాడు. 6.15కి ఆవిడ ఇంటికి బయల్దేరింది. 7.30కి మరిది తాళం వేశాడు.

కబురు పంపితే 10.40కి షాపాయన ఆయాసపడుతూ వచ్చాడు.

"దొంగతనమే చేస్తే పెట్టె మొత్తం ఎత్తుకుపోతాను గానీ, అందులో గాలి ఎత్తుకుపోతానా ఇన్‌స్పెక్టర్ గారూ?"

"నిన్న దీన్ని ముట్టుకున్నారా?"

"ముట్టుకోకుండా బేరమెలా ఆడతాను? మీటలన్నీ చూశాను. బ్యాటరీ చూశాను."

"దీనికి బ్యాటరీ ఉంటుందా?"

"లోపల చిన్నదొకటి. కరెంటు లేనప్పుడు టోన్లను గుర్తుపెట్టుకునేది అదే. బటన్ నొక్కితే ఎంతుందో చెబుతుంది. నిన్న 2.1 వోల్టులు చూపించింది, మూడు దాటి ఉండాలి. ఇవాళో రేపో అన్నట్టుంది."

నిదానం రాసుకున్నాడు. తర్వాత పిచ్చుకని వరండాలోకి పిలిచి ఫోన్లో ఫొటో చూపించాడు.

"ఇది చూడమ్మా. చెబితే నీకొక చిక్కు. చెప్పకపోతే ఇంకో చిక్కు. ఆలోచించుకునే చెప్పు."

పిచ్చుక ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. కింద వీధిలో ఎవరో షట్టరు ఎత్తుతున్నారు.

"ఇలా పెడితే ఏమీ రాదు సార్," అంది చివరికి. అనేసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"మంచినీళ్ళు తాగు," అన్నాడు నిదానం. "పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు."

11.15. అందరూ సింథసైజర్ చుట్టూ చేరారు. రికార్డింగుకి ఇంకా ముప్పావుగంట ఉంది.

"ఈ ప్లగ్గు మీద ఇన్ అని ఉంది," అన్నాడు నిదానం. "ఎవరికి ఇన్? కంప్యూటర్‌కి. కంప్యూటర్లోకి వెళ్ళాలంటే కీబోర్డులోంచి బయటికి రావాలి. అంటే ఇది కీబోర్డు అవుట్‌లో ఉండాలి. అవునా షాపుగారూ?"

"అంతే. ఈ వైరు పాడైందని రోజుకొకడు నా ప్రాణం తీస్తాడు. తిప్పి పెట్టరా నాయనా అని పంపిస్తా."

"ఇప్పుడున్నది నోటికి నోరు, చెవికి చెవి. ఎంతసేపున్నా మాట దాటదు. ఈ వైరు మీదుగా ఎవరూ ఏదీ లాగలేదు, ఏదీ పంపి చెరపలేదు. దీన్ని చివరిసారి పెట్టింది తెలియని మనిషి. షాపాయనకి తెలుసు. పిచ్చుకకి తెలుసు."

"దానికెలా తెలుసు?" అంది ఆవిడ.

"అక్కడికే వస్తాను మేడమ్. షాపుగారూ, ఆ బ్యాటరీ బటన్ ఇంకోసారి నొక్కండి."

షాపాయన నొక్కాడు. తెర మీద 3.2.

షాపాయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నిన్న 2.1 అండీ. నా కళ్ళతో చూశాను."

"జబ్బు మనిషి తెల్లారేసరికి కోలుకోవచ్చు. బ్యాటరీ కోలుకోదు. ఎవరో మార్చారు. అడుగున స్క్రూలు ఊడదీసిన ఆనవాలుంది. పాతది తీశాక కొత్తది అతికించేలోపు దీనికి గుర్తు పోతుంది. అందుకే తెర మీద ఆ పిచ్చి రాతలు. నిన్న 2.1 అని చెప్పినప్పుడు పక్కన ఎవరున్నారు?"

"తమ్ముడుగారు," అన్నాడు షాపాయన. "కాపీ తీసుకోకుండా విప్పొద్దని మరీ చెప్పాను."



మరిది స్టూలు మీద కూలబడ్డాడు. "తీసుకునే విప్పాను వదినా. ఫైల్ సేవ్ అయింది అంది కంప్యూటరు. అన్నయ్య కష్టం పోకూడదనే చేశాను. విప్పాను, మార్చాను, బిగించాను. మళ్ళీ పంపుదామని చూస్తే..."

అతనే మౌస్ పట్టుకుని చెత్తబుట్టలో పడేసిన ఫైల్ చూపించాడు. సాయంత్రం 6.52. సైజు సున్నా.

"పొద్దున నేను దొంగతనం అన్నప్పుడు నోరెందుకు విప్పలేదు?" అంది వదిన.

"భయమేసింది."

"నిన్న అన్నం తినకుండా పడుకుంటే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను." ఆవిడ గొంతు పెంచలేదు. "నీ భయానికి ఆ పిల్లని రెండు గంటలు గోడకి నిలబెట్టాం రా."

"ఇప్పుడు తప్పు ఎవరిదైతే ఏం లాభం," అన్నాడు షాపాయన. "టోన్లయితే పోయాయి."

నిదానం పిచ్చుక వైపు చూడలేదు. నోట్‌బుక్కు తిరగేస్తూ అన్నాడు: "కంప్లైంటులో టోన్లు పోయాయని రాసుకున్నాను. ఎవరైనా కాపీ తీసి ఉంటే, దాని మీద ఎవరూ కంప్లైంటు ఇవ్వలేదు."

పిచ్చుక బ్యాగు తెరిచింది. చిల్లర వేసుకునే చిన్న పర్సులోంచి పెన్ డ్రైవ్ తీసింది.

"మాస్టార్ని మొదటిసారి హాస్పిటల్లో చేర్చిన రోజు తీశాను మేడమ్. ఒట్టు తప్పాను. ఆయన మళ్ళీ రారేమోననిపించింది."

 ఆవిడ కుర్చీ లాగి పిచ్చుకకి వేసింది.

11.38. పిచ్చుక ప్లగ్గులు తిప్పి పెట్టింది. ఫైల్ తెరిచి, పంపు అన్న బటన్ నొక్కింది. తెర మీద 'మెమొరీ ప్రొటెక్టెడ్' అని వచ్చింది. 

"అది టోన్లు చెరగకుండా ఉండే తాళమే," అన్నాడు షాపాయన మెల్లగా. "తీసి పంపమ్మా."

తాళం తీసింది. మళ్ళీ నొక్కింది. కళ్ళు మూసి తెరిచేలోగా తెర మీద అక్షరాలు కుదురుకున్నాయి. ఒకటి. రెండు. మూడు. పేర్లన్నీ వరసగా వచ్చాయి. ముప్పై రెండు దగ్గర పిచ్చుక ఆగిపోయింది.

'కిటికీ 3.'

"నాలుగోది ఆయన ఇంటికొచ్చాక చేశారు," అంది.  "నా దగ్గరున్నది దానికంటే ముందుది. నాలుగోది పోయింది మేడమ్."

ఆవిడ వంగి ఒక మీట నొక్కింది. గదిలో ఎక్కడో గాలి లేచింది. పాత చెక్క చట్రం సన్నగా మూలిగి, సర్దుకుంది.

ఆవిడ చెయ్యి తీయలేదు. శబ్దం దానంతటది ఆరిపోయేదాకా విన్నది.

"మూడోదే బాగుందని నెత్తీ నోరూ మొత్తుకున్నాను," అంది. "వింటేగా ఆ మనిషి."

అప్పటికి ఆమె ముఖంలో ఉన్నది ఏడుపో నవ్వో నిదానానికి తెలియలేదు. కేసు డైరీలో ఆ సంగతి రాయక్కర్లేదు కూడా.

"ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఇంకో రెండు కాపీలు తియ్యి," అంది పిచ్చుకతో. తర్వాత మరిది వైపు తిరిగింది. "అలా కూర్చుంటావేం? మైకులు పెట్టు. పన్నెండవుతోంది."

మెట్ల మీద పాట పాడేవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. నిదానం నోట్‌బుక్కు మూసి, చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగాడు.

ఆవిడ మళ్ళీ అదే మీట నొక్కింది.